స్కైలాబ్ భయం నుంచి సిందేవాహి రింగు దాకా

1979 జులైలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఒకటే మాట: స్కైలాబ్ మీద పడుతుందట! ఎలాగూ పోయేవాళ్లమే కదా అని మేకలు, కోళ్లు కోసుకుతిన్నారు, దాచుకున్నది ఖర్చు పెట్టేశారు. అప్పట్లో పుట్టిన కొందరు పిల్లలకు ఆ పేరూ పెట్టారు. 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ సినిమా కథ కరీంనగర్ జిల్లా బండలింగంపల్లిలోనే నడుస్తుంది. చివరికి జులై 11న ఆ అమెరికన్ అంతరిక్ష కేంద్రం ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం. 1978 జనవరిలోనే అణు రియాక్టరున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 ఉత్తర కెనడాలో కూలి, రేడియోధార్మిక శకలాలు చల్లింది. కెనడా సుమారు 60 లక్షల డాలర్లు అడిగితే 1981లో 30 లక్షలకు రాజీ కుదిరింది.

పడితే జవాబుదారీ ఎవరు? స్పుత్నిక్ ఎగిరిన రెండేళ్లకు, 1959లో, ఐక్యరాజ్యసమితి అంతరిక్ష శాంతియుత వినియోగానికి శాశ్వత కమిటీ వేసింది. అక్కడ తయారైన 1967 ఒప్పందం ప్రకారం అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదు. కక్ష్యలో అణ్వాయుధాలు పెట్టకూడదు. 1972 ఒప్పందం నేల మీదివాళ్లను పట్టించుకుంది. పైనుంచి పడి నష్టం జరిగితే తప్పు రుజువు చేయనక్కర్లేదు, ప్రయోగించిన దేశం పరిహారం కట్టాల్సిందే. అంతరిక్ష చట్టాల్లో సామాన్యుడికి దక్కిన పెద్ద అండ ఇదేనని నా నమ్మకం.

భారత్ ఈ 1972 ఒప్పందంలో చేరింది 1979 జులై 9న, స్కైలాబ్ కూలడానికి సరిగ్గా రెండు రోజుల ముందు! 1967 నాటి మూల ఒప్పందాన్ని 1982లో గానీ ఆమోదించలేదు. అయినా ఆ చివరి రాత్రుల్లో ఆకాశం కేసి చూస్తూ కూర్చున్న రైతు వెనుక ఒక అంతర్జాతీయ చట్టం నిలబడి ఉంది. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు.

2022 ఏప్రిల్ 2 రాత్రి ఆదిలాబాద్‌ను ఆనుకున్న చంద్రపూర్ జిల్లాలో ఆకాశం మీదుగా నిప్పుల చారలు సాగాయి. సిందేవాహి తాలూకా లాడ్‌బోరి ఊళ్లో పెద్ద లోహపు రింగు పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలూ దొరికాయి. అవి చైనా లాంగ్ మార్చ్ రాకెట్‌వని నిపుణుల అంచనా. ఇస్రో బృందం వచ్చి పరిశీలించింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తగిలి ఉంటే? 1972 ఒప్పందం కింద పరిహారం అడగాల్సింది దేశమే, అదీ ఏడాదిలోగా. కాలిన ఇంటి అర్జీ తహసీల్దారు నుంచి ఢిల్లీకి ఏ దారిన వెళ్లాలో చెప్పే చట్టం మనకు లేదు. పైగా ఇప్పుడు మనమూ ప్రయోగించే దేశమే. 2022 నవంబరులో హైదరాబాద్ సంస్థ స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. ప్రైవేటు రాకెట్ పరాయి పొలంలో పడినా జవాబు చెప్పాల్సింది భారతదేశమే. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వచ్చింది, 2023లో అంతరిక్ష విధానమూ వచ్చింది. చట్టం మాత్రం ఇంకా రావాలి.