మాదకద్రవ్య వ్యసనం: నిర్వచనం, పరిశోధన

హాని జరుగుతోందని తెలిసినా మత్తుపదార్థం వాడకాన్ని అదుపు చేసుకోలేని స్థితిని వైద్యులు నేడు వ్యసనంగా పరిగణిస్తున్నారు. మానేస్తే ఒళ్లు వణకడమొక్కటే ఇందుకు కొలబద్ద కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలో ఇందుకు 11 లక్షణాలున్నాయి. ఏడాదిలో రెండు కనిపిస్తే రుగ్మత కింద లెక్క, ఆరు లేదా అంతకన్నా ఎక్కువైతే తీవ్రం. డాక్టరు రాసిచ్చిన మందును చెప్పినట్టే వాడేవారి విషయంలో మాత్రం మోతాదు పెరగడాన్నీ, మానేస్తే వచ్చే బాధలనూ లెక్కించరు. కేన్సర్ నొప్పికి మార్ఫిన్ తీసుకునే రోగికి వ్యసనపరుడన్న ముద్ర పడకపోవడం ఈ మినహాయింపు వల్లే.

శరీరం మందుకు అలవాటుపడటానికీ వ్యసనానికీ మధ్య ఉన్న ఈ తేడాకు తెలంగాణలో కల్తీకల్లు దగ్గరి ఉదాహరణ. ఆల్ప్రజోలం, డైజిపామ్ వంటివి కలిపిన కల్లు 2015లో అధికారుల దాడుల వల్ల దొరక్కపోయేసరికి, రోజూ తాగేవారు వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. తాము తాగుతున్నది నిద్రమాత్రల మందని వారిలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు.

పరిశోధనల్లో నేటికీ వాదనకు వచ్చేది అమెరికా పరిశోధకురాలు లీ రాబిన్స్ అధ్యయనం. 1971 సెప్టెంబరులో వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులను ఆమె బృందం కొన్ని నెలల తర్వాత కలిసి ప్రశ్నించింది, మూత్రపరీక్షలూ చేసింది. వియత్నాంలో హెరాయిన్‌కో నల్లమందుకో బానిసలయ్యామని దాదాపు ఐదుగురిలో ఒకరు చెప్పారు. ఇంటికొచ్చిన తొలి ఏడాదిలో వారిలో మళ్లీ ఆ స్థితికి చేరినవారు సుమారు 5 శాతం, మూడేళ్లకు 12 శాతం. చికిత్స పొందినవారు కొద్దిమందే. యుద్ధ వాతావరణం తప్పడం వల్లనే మానగలిగారని కొందరంటారు. అక్కడ కారుచౌకగా దొరికిన స్వచ్ఛమైన హెరాయిన్ అమెరికాలో లేకపోవడమే కారణమని మరికొందరి వాదన. రెండూ కలిసే పనిచేశాయనుకోవడం సబబు.

కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం ‘ర్యాట్ పార్క్’ ప్రయోగాల్లో, విశాలమైన ఆవరణలో తోటి ఎలుకలతో కలిసి పెరిగినవి ఒంటరి ఎలుకల కన్నా తక్కువ మార్ఫిన్ తాగాయి. తర్వాత అందరికీ అదే ఫలితం రాలేదు.

ఇంతకన్నా పకడ్బందీ ప్రయోగం 2004లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగింది. రంధ్రంలో ముక్కు దూర్చి కొకైన్ ఎక్కించుకునే ఎలుకలను సుమారు మూడు నెలలపాటు పరిశీలించారు. మందు రాదన్న సంకేతం ఉన్నా ప్రయత్నం మానకపోవడం, ఒక్క మోతాదు కోసం ఎన్నిసార్లయినా ముక్కు దూర్చడం, కాళ్లకు కరెంటు షాక్ తగులుతున్నా ఆగకపోవడం అనే మూడు గుణాలూ కనిపించినవి 17 శాతమే. కొకైన్ వాడకంలో మాత్రం ఇవి మిగతా ఎలుకలను మించిపోలేదు.