బడి నిలిపిన అణా

పేదవాని బిడ్డ బడికి రాకుండుటకు చదువునందలి అనాదరమే కారణమని తలచుట పరిపాటి. చరిత్ర వేరొక కారణమును చూపుచున్నది.

1920వ సంవత్సరము సెప్టెంబరు మాసమున మద్రాసు నగరపాలక సంఘము, తెలుగు కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ చెట్టిగారి అధ్యక్షతన, థౌజండు లైట్సు ప్రాంతపు పాఠశాలలో పిల్లలకు ఫలహార మిడ నిశ్చయించెను. ఒక్కొక్కరికి దినమునకు అణాకు మించి వ్యయము కారాదని నియమము. ఆ బాలురు కడు పేదలనియు, అందుచేతనే బడిలో సంఖ్య తరచు తగ్గుచున్నదనియు అధ్యక్షులు వివరించిరి. పిదప ఈ యేర్పాటు మరి నాలుగు బడులకు వ్యాపించెను. ఆ అయిదింట 1922–23లో 811 మందిగా నున్న విద్యార్థులు 1924–25 నాటికి 1,671 మంది అయిరి.

ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము కూడదని ప్రభుత్వము శాసింపగా 1925లో ఫలహారము నిలిచిపోయెను. ఖర్చు పద్దున అణా కనబడెను గాని, జమ పద్దున రెట్టింపైన పిల్లలు కనబడరైరి. 1956లో కామరాజుగారు మద్రాసు రాష్ట్రమున ఈ కార్యమునకు మరల పూనుకొనిరి. 2001లో సుప్రీంకోర్టు దేశమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిట వండిన అన్నము పెట్టవలెనని ఆదేశించెను.

అన్నము బిడ్డను బడివాకిటికి తేగలదు; అక్షరము నేర్పజాలదు. అందుకు దినము తప్పక వచ్చు ఉపాధ్యాయుడు వలయును. ఇంట పుస్తకము లేని బిడ్డకు సాయంకాలము దీపము, పుస్తకము, కూర్చుండ చోటు వలయును. ఈ కడపటి మూడును గ్రంథాలయ మీయగలదు. కావున ఈ రజతోత్సవ వేళ, చేరిన పుస్తకముల సంఖ్యతోపాటు వానిని తెరచిన పేదబిడ్డల సంఖ్యనుగూడ మనము లెక్కింపవలెను.