పేరు అడగని హుండీ

తిరుమల శ్రీవారి హుండీ అంటే నామాలు, శంఖుచక్రాలున్న గుడ్డ తొడుగులో వేలాడే కొప్పెర. చిత్తూరు పల్లెల్లో బిడ్డకు జబ్బు చేసినప్పుడు పసుపు గుడ్డలో కట్టిన ముడుపూ, నిలువుదోపిడి మొక్కుకున్నవాళ్లు ఒంటిమీంచి తీసిన నగలూ అందులోనే పడతాయి. పరకామణిలో డబ్బుకు లెక్క ఉంటుంది, ఇచ్చినవారి పేరు ఉండదు. గుప్తదానం చేసేవాళ్లకు పేరు తెలియకపోవడమే మొక్కులో సగం. పన్ను చట్టానికి మాత్రం ముందు పేరు కావాలి. 2006 ఫైనాన్స్ చట్టం 115బీబీసీ సెక్షన్ తెచ్చి, దాత పేరు, చిరునామా లేని విరాళాలపై 30 శాతం పన్ను వేసింది. కేవలం మతపరమైన సంస్థలనూ, మతంతోపాటు సేవ కూడా చేసే సంస్థలనూ వదిలిపెట్టింది. ఈ రెండో రకంలో బడికో ఆసుపత్రికో అని చెప్పి వేసిన అనామక విరాళానికి మినహాయింపు లేదు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను బిల్లు ఆ రెండో రకానికి రక్షణ తీసేసింది. అది పెద్ద పొరపాటు. మన గుళ్లలో పూజ ఒకచోట, సేవ ఒకచోట ఉండవు; దేవుడి సొమ్ముతోనే అన్నదానం, వైద్యం, చదువు నడుస్తాయి. పార్లమెంటు సెలెక్ట్ కమిటీ జూలైలో ఈ విషయం ఎత్తిచూపింది. ఆగస్టులో ఆమోదం పొందిన చట్టంలో రక్షణ తిరిగి చేరింది.

అంతరాత్మ పేరు చెబితే గుర్తింపు నంబరు ఇవ్వడం తప్పుతుందా అని అడగొచ్చు. తప్పదు. సోషల్ సెక్యూరిటీ నంబరు తన కూతురి ఆత్మకు చేటని వాదించిన అబెనాకీ తెగ తండ్రికి 1986లో అమెరికా సుప్రీంకోర్టు ఊరట ఇవ్వలేదు. పాన్‌కు ఆధార్ ముడిపెట్టడాన్ని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న సమర్థించింది. కానీ ఆ తండ్రి అడిగింది సర్కారు సాయం. పాన్ ఉన్నది సొంత ఆదాయానికి లెక్క చెప్పడానికి. హుండీలో వేసినవాడు ఏమీ అడగడు, రసీదు కూడా. విరాళంపై పన్ను రాయితీ కావాలంటే నంబరు ఇవ్వాల్సిందే, అది న్యాయం.

నల్లధనం సంగతేమిటని మరో ప్రశ్న. దాత వైపు చూస్తే భయం తక్కువే, హుండీలో పడింది అతనికి తిరిగి రాదు. అసలు ప్రమాదం ట్రస్టు వైపు ఉంది: సొంత డబ్బునే కానుకలుగా చూపించే కుటుంబ ట్రస్టు ఏదైనా ఉండొచ్చు. దానికి మందు సీలు వేసిన హుండీ, సాక్షుల ఎదుట లెక్కింపు, ఏటేటా ఆడిట్. ముడుపు కట్టిన తల్లిని ఆధార్ అడిగితే ఆ దొంగ దొరకడు.