ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ తొలి ఏడాది: సర్క్యూట్ పాఠంలో ఏముంటుంది, విద్యార్థులు ఎక్కడ తడబడతారు?

ఢిల్లీ శివార్లలోని జేవర్ దగ్గర హెచ్‌సీఎల్, ఫాక్స్‌కాన్ కలిసి రూ.3,706 కోట్లతో పెట్టే చిప్ యూనిట్‌కు 2025 మే 14న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దానికి ముందు రోజే నోయిడా, బెంగళూరుల్లో రెనెసాస్ సంస్థ 3 నానోమీటర్ల చిప్ డిజైన్ కేంద్రాలు మొదలయ్యాయి. గ్రేటర్ నోయిడాలో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ డిజైన్ కేంద్రం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఐదేళ్లలో 85,000 మంది చిప్ డిజైన్ ఇంజనీర్లను తయారు చేయాలన్న లక్ష్యంతో కేంద్రం 2022లో ‘చిప్స్ టు స్టార్టప్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఈ వార్తలు చూసి, కంప్యూటర్ సైన్స్ సీటు రాకపోతే ఈసీఈ తీసుకుందామనుకునే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. కానీ చిప్ దాకా వెళ్లే దారి తొలి ఏడాది సర్క్యూట్ ల్యాబ్ మీదుగానే సాగుతుంది. అక్కడ నేర్పేదేమిటో, అది ఎందుకు కష్టమనిపిస్తుందో తెలుసుకున్నాక నిర్ణయం తీసుకోవడం మేలు.

ఎక్కడ చదవొచ్చు?

దేశ రాజధానిలో ఎలక్ట్రానిక్స్ చదువుకు పునాది పాతదే. 1941లో ఢిల్లీ పాలిటెక్నిక్‌గా మొదలైన సంస్థ ఢిల్లీ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్‌గా మారి, 2009లో ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ (డీటీయూ) అయింది. 1961లో ఇంజనీరింగ్ కళాశాలగా ఏర్పడిన మరో సంస్థే నేటి ఐఐటీ ఢిల్లీ. 2008లో ట్రిపుల్ ఐటీ ఢిల్లీ వచ్చింది. నేతాజీ సుభాష్ సంస్థ 2018లో విశ్వవిద్యాలయ హోదా పొంది ఎన్‌ఎస్‌యూటీగా మారింది. ఇంజనీరింగ్ వద్దనుకునేవారికి ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలల్లో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ ఉంది. దానికి సీయూఈటీ రాయాలి.

ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. డీటీయూ, ఎన్‌ఎస్‌యూటీ, ట్రిపుల్ ఐటీ ఢిల్లీ, మహిళలకు ప్రత్యేకించిన ఇందిరాగాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా బీటెక్ సీట్లు ఇస్తాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ సీట్లలో 85 శాతం ఢిల్లీ ప్రాంతం వారికే. పన్నెండో తరగతి చదివిన పాఠశాల ఎక్కడుందన్నదే దీనికి కొలమానం, సొంతూరు ఏదన్నది కాదు. ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో పన్నెండు పూర్తి చేసిన తెలుగు విద్యార్థి ఢిల్లీ కోటాలోకి వస్తాడు. విజయవాడలో ఇంటర్ చదివినవారు మిగిలిన 15 శాతం సీట్లకే పోటీ పడాలి.

పాఠం సాగే వరుస

పేర్లు, కోడ్ నంబర్లు మారినా తొలి కోర్సు వరుస అన్నిచోట్లా దాదాపు ఒకటే. మొదట ఓమ్ నియమం, కిర్కాఫ్ నియమాలు, థెవెనిన్ సిద్ధాంతం. తర్వాత కెపాసిటర్, ఇండక్టర్‌లతో కాలాన్ని బట్టి మారే సర్క్యూట్లు. ఆపైన డయోడ్, ట్రాన్సిస్టర్, ఆప్-ఆంప్. మరోవైపు లాజిక్ గేట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లతో డిజిటల్ భాగం.

ఇంటర్ ఎంపీసీ చదివిన వారికి ఇందులో సగం పేర్లు పాతవే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. పోటీ పరీక్షల లెక్కలో సర్క్యూట్ ఇచ్చి జవాబు అడుగుతారు. డిజైన్‌లో జవాబు ఇచ్చి సర్క్యూట్ అడుగుతారు. పైగా సరైన సర్క్యూట్ ఒకటే ఉండదు.

చిన్న ఉదాహరణ చూద్దాం. 5 ఓల్టుల సరఫరాతో ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాలి. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 ఓల్టులు పడతాయి. 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలంటే మిగిలిన 3 ఓల్టులకు 300 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. కానీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండే పన్నెండు విలువల వరుసలో 270 తర్వాత 330 వస్తుంది. 330 పెడితే కరెంటు 9 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. వెలుగులో ఆ తేడా కంటికి ఆనదు. ఏ తేడాను వదిలేయొచ్చో, దేన్ని వదలకూడదో తేల్చుకోవడమే డిజైన్‌లో తొలి పాఠం.

కొలిచే మీటరూ సర్క్యూట్‌లో భాగమే

రెండో పాఠం ఇంకా లోతైనది. 9 ఓల్టుల బ్యాటరీకి రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను వరుసగా కలిపితే మధ్యలో 4.5 ఓల్టులు వస్తాయి. అక్కడి నుంచి మరో 10 కిలో ఓమ్‌ల పరికరాన్ని నడపబోతే ఓల్టేజీ 3కు పడిపోతుంది. కింది రెసిస్టర్‌కు ఆ పరికరం సమాంతరంగా చేరి, రెండూ కలిసి 5 కిలో ఓమ్‌లే అవుతాయి. థెవెనిన్ సిద్ధాంతం చెప్పేది ఇదే: రెండు కొసల నుంచి చూస్తే బ్యాటరీలు, రెసిస్టర్లతో కట్టిన ఎంత చిక్కుముడి సర్క్యూట్ అయినా ఒక బ్యాటరీ, ఒక రెసిస్టర్‌గానే కనిపిస్తుంది. ఇక్కడ బ్యాటరీ 4.5 ఓల్టులు, రెసిస్టర్ 5 కిలో ఓమ్‌లు.

రెసిస్టర్లు ఒక్కోటి 1 మెగా ఓమ్ అయితే సంగతి మరీ విచిత్రం. సాధారణ ఆసిలోస్కోప్ లోపలి నిరోధం కూడా 1 మెగా ఓమ్ కాబట్టి, దాన్ని నేరుగా తగిలించిన క్షణమే 4.5 కాస్తా 3 అవుతుంది. పదింతల ప్రోబ్ వాడితే నిరోధం 10 మెగా ఓమ్‌లకు పెరిగి సుమారు 4.3 చూపిస్తుంది. సర్క్యూట్ తప్పు లేదు, మీటర్ తప్పూ లేదు. కొలవడమే కొలిచేదాన్ని మార్చింది. ఇది ఒంటబట్టని విద్యార్థి నాలుగేళ్లూ మంచి సర్క్యూట్లను అనుమానిస్తూనే ఉంటాడు.

ట్రాన్సిస్టర్ దగ్గర మూడో పాఠం వస్తుంది. ల్యాబుల్లో విరివిగా వాడే బీసీ547 గెయిన్ 110 నుంచి 800 వరకు ఎంతైనా ఉండొచ్చని డేటాషీటే చెబుతుంది. పుస్తకంలో 100 అని ఇచ్చి లెక్క చేయించినా, చేతిలోని ట్రాన్సిస్టర్ ఆ మాట వినదు. అందుకే గెయిన్ ఎంతున్నా పని ఆగకుండా ఎమిటర్ రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్ సాయంతో డిజైన్ చేయడం నేర్పుతారు. నమ్మకం లేని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టడమే ఈ విద్య సారం.

సిమ్యులేటర్ ఉంటే బ్రెడ్‌బోర్డు ఎందుకు?

1970ల మొదట్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పైస్ అనే సిమ్యులేటర్ పుట్టింది. దాని వారసులు ఇప్పుడు ఉచితం. ఎల్‌టీస్పైస్ ఉంది, ఐఐటీ బొంబాయి వారి ఈసిమ్ ఉంది. ఎన్‌పీటీఈఎల్ పాఠాలూ ఉచితమే. దీంతో కొన్నిచోట్ల ల్యాబ్ గంటలు తెర ముందే గడిచిపోతున్నాయి.

సిమ్యులేటర్ అవసరమే. లక్షల ట్రాన్సిస్టర్ల చిప్‌ను బ్రెడ్‌బోర్డు మీద పరీక్షించలేం. కానీ ప్రత్యేకంగా చెబితే తప్ప సిమ్యులేటర్‌లో వైరు వదులవదు, గాలిలోని 50 హెర్ట్జ్ హమ్ సిగ్నల్‌లో కలవదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల పవర్ లైన్ మధ్యలో తెగి ఉంటుందని అది చెప్పదు. ఆసిలోస్కోప్ నేల క్లిప్ మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుందనీ, రెండు చానెళ్ల క్లిప్పులను రెండు వేర్వేరు చోట్ల పెడితే మధ్య భాగం షార్ట్ అవుతుందనీ బల్ల దగ్గరే తెలుస్తుంది. ఉద్యోగంలో, తయారైన చిప్ బల్ల మీదికి వచ్చినప్పుడు అక్కరకొచ్చేది ఈ జ్ఞానమే.

సాధనకు పెద్ద ఖర్చు లేదు. ఎర్రకోట ఎదుట లజపత్‌రాయ్ మార్కెట్‌లోనూ, హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలోనూ రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, 1970ల తొలినాళ్ల నుంచీ వాడుకలో ఉన్న 555 టైమర్ చిప్‌లూ విడిగా దొరుకుతాయి. బ్రెడ్‌బోర్డు, మల్టీమీటర్ తోడైతే మొదటి సెమిస్టర్ ప్రయోగాల్లో చాలావరకు గదిలోనే చేసుకోవచ్చు.

ఎవరికి తగింది?

కొల్లాపూర్‌లో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయంలో బీటెక్ చేసిన వి.రాంగోపాల్‌రావు నానోఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్తగా ఎదిగి 2016లో ఐఐటీ ఢిల్లీ డైరెక్టరయ్యారు. ఏ కళాశాల నుంచి బయల్దేరినా ఈ రంగంలో దూరం వెళ్లొచ్చనడానికి అదొక నిదర్శనం. 2023లో ఏఐసీటీఈ వీఎల్‌ఎస్‌ఐ డిజైన్‌కు ప్రత్యేక బీటెక్ నమూనా పాఠ్యప్రణాళికను కూడా తెచ్చింది. అయితే బ్రాంచి పేరులో ‘చిప్’ ఉన్నంత మాత్రాన చదువు మారదు.

కళాశాల ఎంచుకునే ముందు ప్లేస్‌మెంట్ అంకెలతో పాటు మరో మూడు ప్రశ్నలు అడగాలి. ల్యాబ్‌లో ఒక్కో బల్లకు ఎంతమంది? సెమిస్టర్ చివర సొంతంగా ఒక సర్క్యూట్ కట్టిస్తారా? అది పనిచేయకపోతే ఎందుకు చేయలేదో రాసిన విద్యార్థికి మార్కులు ఇస్తారా? మూడో ప్రశ్నకు అవునని చెప్పే చోట ఎలక్ట్రానిక్స్ నిజంగా నేర్పుతున్నారని అర్థం.