గాలి ట్యాంకుకు ఇన్‌స్పెక్టరు ఎవరు?



ట్రాక్టరు ట్రాలీ టైరులో గాలి తగ్గితే, ఒకప్పుడు చక్రం విప్పి బస్తీకి మోసుకుపోవలసి వచ్చేది. ఇప్పుడు చాలామంది ఇంటి వసారాలోనే చిన్న ఎయిర్ కంప్రెసర్ పెట్టుకుంటున్నారు. మంచిదే. మరి ఆ ట్యాంకు మీది ఇత్తడి వాల్వు ఎందుకు, అడుగున వున్న కుళాయి ఎందుకు అని అడిగితే చెప్పగలవారు తక్కువ. ఆ వాల్వుకు మూడు వందల యేళ్లు దాటిన చరిత్ర వున్నది.

1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులో రాయల్ సొసైటీవారికి ఒక వంటపాత్ర చూపించాడు. మూత బిగించి కాచితే అందులో ఎముకలు సైతం మెత్తబడేవి. కాని ఆవిరి లోపలే నిలిచిపోతే పాత్ర పగలదా? అందుకని ఆయన మూతకు రంధ్రం పెట్టి, దానికి బిరడా, బిరడాను నొక్కే కడ్డీ, కడ్డీ చివర బరువు అమర్చాడు. వొత్తిడి హద్దు మీరితే బరువు లేచి ఆవిరి బుస్సున పోయేది. మన వంటింటి కుక్కరు విజిలు వేసేదీ ఈ సూత్రం మీదనే. కంప్రెసర్ సేఫ్టీ వాల్వులో బరువుకు బదులు స్ప్రింగు వుంటుంది, అంతే తేడా.

ఇక గాలి సంగతి. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఆల్ప్స్ కొండల్లో 1857లో మోంసెనీ రైలు సొరంగం మొదలుపెట్టారు. లోపల ఆవిరి యంత్రం నడిపితే పొగకు మనుషులు నిలవలేరు. సొమ్మేయే అనే ఇంజనీరు బయట నీటి బలంతో గాలిని అదిమి, గొట్టాల గుండా లోపలికి పంపి, 1861 నుంచి దానితోనే రాయి తొలిపించాడు. 1871లో సొరంగం తెరిచారు. మన వూరికి వచ్చే బోరు బండి సుత్తి కొట్టేదీ అదిమిన గాలితోనే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1932లో అమెరికాలో ట్రాక్టరుకూ గాలి టైర్లు తొడిగారు. అలా గాలి పొలందాకా వచ్చింది.

అయితే గాలికైనా ఆవిరికైనా తొట్టి ఇనుముదే. ఆ ఇనుము లోలోపల చెడితే ఏమవుతుందో 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్ పట్టణం చూసింది. ఒక చెప్పుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి, మంటలు లేచి, 58 మంది చనిపోయారు. ఆ తరువాతనే అక్కడ గట్టి నిబంధనలు పుట్టాయి. మన దేశంలో 1923లో బాయిలర్ల చట్టం చేశారు. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. మిల్లు బాయిలరును చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. మీ వసారాలోని గాలి ట్యాంకును ఎవరు చూస్తారు? మీరే చూడాలి.

గేజీ 120 పౌండ్లు చూపుతున్నదంటే, ఒక కుండ పట్టే చోటులో సుమారు తొమ్మిది కుండల గాలి కూరినట్లు లెక్క. గాలిలోని చెమ్మ ట్యాంకులో నీరై అడుగున చేరుతుంది. తుప్పు లోపలినుంచి తింటుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే వుంటుంది. అందుకని పని అయినాక ప్రతిరోజూ అడుగు కుళాయి తిప్పి నీరు వదలండి. నెలకొకసారి, ట్యాంకులో గాలి వుండగా, ముఖం పక్కకు పెట్టి సేఫ్టీ వాల్వు రింగు లాగి చూడండి. బుస్సుమనాలి. పట్టుకుపోతే అదే పౌండ్లకు తగిన కొత్తది వేయించండి. కారుతున్నదని బోల్టు బిగించి మూసేవారున్నారు. అది కుక్కరు విజిలు మీద రోలు పెట్టినట్లే.

తుప్పు తిన్న ట్యాంకుకు వెల్డింగు మాటు వేయించకండి, ట్యాంకే మార్చండి. చేలో మిగిలిన పి.వి.సి. పైపును గాలికి వాడకండి. నీళ్లకు ఆగే పైపు గాలికి ముక్కలై కత్తుల్లా ఎగురుతుంది. బెల్టు మీది జాలీ తీయకండి. పంచె చెంగు, చీర కొంగు చిక్కుకుంటాయి. రిపేరుకు ముందు కరెంటు తీసి, గేజీ సున్నాకు వచ్చేదాకా గాలి వదలండి. హాస్యానికైనా గాలి గొట్టం మనిషి వంటికి పెట్టనివ్వకండి. పేగులు చిట్లి ప్రాణం పోతుంది.

ఒక కుళాయి, ఒక రింగు. రెండూ కలిపి రెండు నిమిషాల పని. ఈ సాయంత్రమే ఆ కుళాయి తిప్పి చూడండి. ఎర్రనీళ్లు వస్తే ఆ ట్యాంకు మీతో ఏదో చెపుతున్నదన్నమాట. వినండి. సెలవు.