ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలు: ర్యాంకుతో పాటు స్థానికతా కీలకమే

తెలంగాణలో ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. కోర్సులలో ప్రవేశాలు జాతీయ అర్హత, ప్రవేశ పరీక్ష (నీట్) ర్యాంకుల ఆధారంగా జరుగుతున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో ప్రారంభమైన ఎంసెట్ ద్వారా పూర్వం ఈ సీట్లను భర్తీ చేసేవారు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నీట్‌కు మార్గం సుగమం చేసిన దరిమిలా, 2017 నుండి రాష్ట్ర కోటా సీట్లకు కూడా నీట్ ర్యాంకే ప్రాతిపదిక అయినది.

పరీక్షా విధానం

భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో 180 ప్రశ్నలకు 720 మార్కులు కేటాయించబడినవి. సరైన సమాధానానికి 4 మార్కులు లభిస్తాయి. తప్పు సమాధానానికి 1 మార్కు తగ్గిస్తారు. తెలుగు సహా 13 భాషలలో పరీక్ష వ్రాయవచ్చును. జనరల్ అభ్యర్థులకు 50, ఎస్.సి., ఎస్.టి., ఒ.బి.సి. అభ్యర్థులకు 40 పర్సంటైల్ కనీస అర్హత. అర్హత పొందినంత మాత్రాన సీటు లభించినట్లు కాదు.

సీట్ల కేటాయింపు

ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు చెందుతాయి. వీటిని కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా ప్రవేశాలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. మైనారిటీయేతర ప్రైవేటు కళాశాలలలో 50 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 35 శాతం యాజమాన్య కోటా, 15 శాతం ఎన్.ఆర్.ఐ. కోటా క్రిందకు వస్తాయి. కన్వీనర్ కోటాలో బి.సి.లకు 29, ఎస్.సి.లకు 15, ఎస్.టి.లకు 10 శాతం రిజర్వేషన్లు అమలవుతున్నాయి.

స్థానికత

రాజ్యాంగంలోని 371-డి అధికరణం ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు విద్యాసంస్థలలో స్థానిక అభ్యర్థులకు ప్రాధాన్యం కల్పించాయి. పునర్విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాలకు పదేళ్ళపాటు కొనసాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసినది. తదుపరి 2024 జూలై 19న జి.ఓ. 33 జారీ అయినది. దీని ప్రకారం 9వ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు వరుసగా నాలుగు సంవత్సరాలు రాష్ట్రంలో చదివినవారే స్థానికులు. దీనిపై హైకోర్టులో వ్యతిరేక తీర్పు వెలువడినప్పటికీ, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించినది. రాష్ట్రం వెలుపల పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు తదితర నిర్దిష్ట వర్గాల వారి పిల్లలకు మాత్రం మినహాయింపు ఉన్నది.

తెలంగాణలో పుట్టి పెరిగినప్పటికీ, ఇంటర్మీడియట్ చదువును విజయవాడలోనో మరో రాష్ట్రంలోనో పూర్తి చేసిన విద్యార్థి, మినహాయింపు వర్తించని పక్షంలో, మంచి ర్యాంకు వచ్చినా స్థానిక కోటాకు దూరమవుతాడు. కావున ఈ నిర్ణయం నీట్ ఫలితాల నాడు గాక, పదో తరగతి పూర్తయి కళాశాలను ఎంచుకొనే నాడే తీసుకోవలసి ఉన్నది. 9వ తరగతి నుండి స్టడీ సర్టిఫికెట్లను విద్యార్థులు భద్రపరచుకోవలసి ఉంటుంది.