తరిమెన పనివాడు వియన్నా మేయరైన వైనం

యాకోబ్ రాయ్‌మన్ 1853 డిసెంబరు 31న వియన్నాలో పుట్టారు. పొట్టకూటికి నేర్చుకున్నది తరిమెన పని. కర్రనో కొమ్మునో గిర్రున తిప్పుతూ ఉలి ఆనించి నునుపైన గుండ్రటి వస్తువులు తీయడం ఆ వృత్తి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారికి ఇది తెలిసిన విద్యే. వియన్నాలో ఆ పనివాళ్లు పొగాకు గొట్టాలు, చేతికర్రల పిడులు, బొత్తాలు చేసేవారు.

రాయ్‌మన్ మొదట తన వృత్తివాళ్లనే కూడగట్టి సంఘం నడిపారు. 1888 డిసెంబరు 30 నుంచి 1889 జనవరి 1 వరకు హైన్‌ఫెల్డ్ అనే చిన్న ఊరిలో, డాక్టర్ విక్టర్ అడ్లర్ చొరవతో, అప్పటిదాకా ముక్కలై ఉన్న కార్మిక వర్గాలు ఒక్కటై సోషల్ డెమోక్రటిక్ పార్టీగా నిలబడ్డాయి. ఆ పార్టీ తొలి నాయకుల్లో రాయ్‌మన్ ఒకరు.

నగర సభలో మాత్రం కార్మికుడికి చోటు లేదు. పన్ను కట్టే స్తోమతను బట్టి మూడు తరగతుల ఓటర్లుండేవారు. 1900లో నాలుగో తరగతిని చేర్చి, 158 స్థానాల్లో 20 దానికి విదిలించారు. ఆ సన్నని సందులోంచి ఇద్దరు సోషల్ డెమోక్రాట్లు సభలో అడుగుపెట్టారు. ఒకరు ఒట్టాక్రింగ్ నుంచి ఫ్రాంజ్ షూమాయర్, రెండోవారు ఫావొరిటెన్ నుంచి రాయ్‌మన్. ఫావొరిటెన్ ఇటుక బట్టీల కూలీల పేట. అలాంటి పేటల్లో అంతస్తుకంతటికీ నడవలో ఒకటే కుళాయి, ఒకటే మరుగుదొడ్డి. గది అద్దె భరించలేనివారు పరాయి ఇంట్లో మంచాన్ని కొన్ని గంటలకు అద్దెకు తీసుకుని నిద్రపోయేవారు. పగటి పాళీ మనిషి లేచి వెళ్తే రాత్రి పాళీ మనిషి వచ్చి పడుకునేవాడు. రాయ్‌మన్ రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ మంచం దగ్గర మొదలుపెట్టాలి.

1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలింది. ఇరవై లక్షల జనం ఉన్న నగరానికి బొగ్గు లేదు, పాలు లేవు, క్షయ ఇంటింటా ఉంది. 1919 మే 4న స్త్రీ పురుషులందరూ ఓటేసిన తొలి నగర ఎన్నికలో 165 స్థానాలకు 100 సోషల్ డెమోక్రాట్లకు దక్కాయి. అదే నెల 22న రాయ్‌మన్ మేయరయ్యారు.

1920 రాజ్యాంగంతో మేయరే ప్రాంతీయ ప్రభుత్వాధినేత కూడా అయ్యారు. 1922 జనవరి 1 నుంచి వియన్నా ప్రత్యేక రాష్ట్రమైంది. మన దగ్గర ఆమదాలవలస లాంటి పురపాలక సంఘం ఏ పన్ను వేయాలన్నా రాష్ట్ర చట్టం గీసిన గీత దాటలేదు. వియన్నా తన పన్నును తానే శాసనం చేసుకోగలిగింది. ఆ తర్వాత జరిగినదంతా ఈ ఒక్క అధికారం మీద నిలబడింది.

కేంద్రంలోని సంప్రదాయవాద ప్రభుత్వంతో ఘర్షణ తప్పలేదు. 1921లో ష్నిట్జ్‌లర్ నాటకం ‘రైగెన్’ను ఆపమని మంత్రి ఆదేశిస్తే రాయ్‌మన్ నిరాకరించారు. వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది, ఆయనే నెగ్గారు. మరుసటి ఏడాది గొడవ శవదహనం మీద వచ్చింది. నాగావళి ఒడ్డున చితి పేర్చడం మనకు అనాదిగా ఉన్న ఆచారం. కాథలిక్ చర్చి మాత్రం అప్పట్లో దాన్ని నిషేధించింది. తమ దేహాన్ని దహనం చేయాలని కోరుకునే కార్మికుల కోసం నగరం సిమ్మరింగ్‌లో దహనశాల కట్టింది. తెరవొద్దని మంత్రి రిచర్డ్ ష్మిట్జ్ ఆజ్ఞ పంపారు. 1922 డిసెంబరు 17న రాయ్‌మన్ దాన్ని తెరిచారు. మళ్లీ అదే న్యాయస్థానంలో కేసు పడింది. ఈసారీ ఆయన్ను దోషిగా తేల్చలేదు.

వియన్నా సంస్కరణల పేరు చెబితే ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్‌ను, ఆరోగ్య సంక్షేమాలు చూసిన జూలియస్ టాండ్లర్‌ను తలుస్తారు. వాళ్ల ప్రతిభ నిజమే. కానీ వాళ్లను పనిలో పెట్టి, వాళ్ల మీద పడిన ఒత్తిడికి అడ్డు నిలిచింది రాయ్‌మన్. ఈ మాట చరిత్రకారులు ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది. 1923లో వచ్చిన గృహనిర్మాణ పన్ను ఇంటి విలువ పెరిగేకొద్దీ బరువెక్కేది. అతి ఖరీదైన అర శాతం ఇళ్లే దాదాపు 45 శాతం రాబడి ఇచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరులో 25,000 ఇళ్లు కట్టాలని నగరం తీర్మానించింది. ప్రతి ఇంటికీ లోపలే నీళ్లు, లోపలే మరుగుదొడ్డి. అద్దె కార్మికుడి జీతంలో చిన్న భాగమే.

1923 నవంబరులో రాయ్‌మన్ పదవి వదిలారు. కార్ల్ సైట్జ్ మేయరయ్యారు. 1925 జులై 29న క్లాగెన్‌ఫుర్ట్‌లో రాయ్‌మన్ మరణించారు. ఆయన అస్థికలు సిమ్మరింగ్ దహనశాలలోనే ఉన్నాయి. హూబర్ట్ గెస్నర్ రూపకల్పన చేసిన భారీ నగర గృహసముదాయం 1926లో పూర్తయింది. దానికి రాయ్‌మన్‌హోఫ్ అని పేరు పెట్టారు. 1934 నాటికి నగరం కట్టిన ఇళ్లు 60,000 దాటాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వానికీ సోషల్ డెమోక్రాట్లకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో రాయ్‌మన్‌హోఫ్‌లోనూ తుపాకులు పేలాయి. పార్టీని నిషేధించారు. పార్లమెంటు పక్కన పార్టీ నేతలు అడ్లర్, హానుష్‌ల ప్రతిమలతో పాటు నిలిపిన రాయ్‌మన్ ప్రతిమను తొలగించారు. 1948లో మళ్లీ ప్రతిష్ఠించారు.